నాలుగు మెట్లు కింద

ఆ వేసవి దాకా నా గొంతు మీద నాకు అనుమానమన్నదే లేదు. అరవై దగ్గరపడుతున్నా, కుర్రతనంలో పాడిన పాటని అదే స్కేల్లో పాడుతున్నానని కనబడ్డవాడికల్లా చెప్పుకునేవాణ్ణి. నాతోపాటు మొదలుపెట్టినవాళ్ళు కొందరు గొంతు పోయి ఇంట్లో కూర్చున్నారు, కొందరు వ్యాపారాల్లో పడ్డారు. నేనొక్కణ్ణే నిలబడ్డానని నాకు మహా గర్వం. నా చుట్టూ ఉన్న ముగ్గురూ ఆ గర్వానికి చిన్న గీత కూడా పడకుండా కాపాడుకుంటూ వచ్చారని నాకేం తెలుసు?

మా బ్యాండులో మేం నలుగురం. డ్రమ్స్ మా అన్నయ్య. బేస్ గిటారు మా వదిన. ఆవిడ బేస్ వాయించే తీరు చూసే అన్నయ్య మనసు పారేసుకుని పెళ్ళి చేసుకున్నాడు. లీడ్ గిటారు వాడిని మేం గుమాస్తా అంటాం. ఎక్కణ్ణుంచి ప్రోగ్రాం వచ్చినా వాడి నోట్లోంచి వచ్చే మొదటి మాట "ఎంతిస్తారట?" కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. నేను పాడతాను. పెళ్ళి చేసుకోలేదు. అన్నయ్య ఇంట్లో పైగదిలో ఉంటూ, వదిన వండింది తింటూ, దానికి వంకలు పెడుతూ బతికేశాను.

ఎవరైనా ఇంటర్వ్యూకి వచ్చి, "ఇన్నేళ్ళు బ్యాండు విడిపోకుండా ఉన్నారంటే డబ్బు కోసమా, కళ కోసమా?" అని అడిగితే నా దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "నేను కళ కోసం. గుమాస్తా కరెంటు బిల్లు కోసం." అందరూ నవ్వేవాళ్ళు. గుమాస్తా కూడా నవ్వేవాడు. వదిన మాత్రం లేచి లోపలికి వెళ్ళిపోయేది.

మాకు పేరు తెచ్చింది ఒకే ఒక్క పాట, 'మేడ మీద మంట'. ఆ "మంట" అన్న మాట దగ్గర గొంతు ఒక్కసారి పైకి లేచి, అక్కడే నిలబడి, జనం కుర్చీల్లోంచి లేచేదాకా కిందికి దిగదు. ఎక్కడ పాడినా జనం ఆ ఒక్క మాట కోసమే కాచుకుని కూర్చునేవాళ్ళు. నేనూ అంతే.

ఆ ఏడు వేసవంతా ఒక సరస్సు పక్కన హోటల్లో ప్రతి శనివారం సాయంత్రం పాడటానికి కుదిరింది. హోటలు ముందువైపు పాలరాయీ పూలకుండీలూ. మాకిచ్చిన రెండు గదులు మాత్రం వెనకవైపు, దుప్పట్లు ఉతికే షెడ్డు పక్కన. కిటికీ తెరిస్తే ఆవిరి, మూస్తే ఉక్క. పెద్ద పెద్ద యంత్రాలు పొద్దున్నే గడగడమని మొదలయ్యేవి. "మనకంటే బాగా తాళం వేస్తున్నాయి," అన్నాడు అన్నయ్య.

మేనేజరుకి కీబోర్డు లేని బ్యాండంటే బోసిగా అనిపించిందట. తనే ఒకాయన్ని పిలిపించాడు. నడివయసు మనిషి, మాట మెత్తన, చొక్కా బొత్తాలు మెడదాకా పెట్టుకుంటాడు. మా బ్యాండులో కీబోర్డు ఉండకూడదన్నది మొదట్నించీ నా పంతం. కానీ సీజను మొత్తానికి పని ఇచ్చినవాళ్ళ మాట కాదనలేక ఊరుకున్నాను.

మాకో అలవాటు ఉంది. ముందు వదిన తన తీగలు సవరించుకుని ఒక్కసారి మోగిస్తుంది. దాన్నిబట్టి గుమాస్తా తన గిటారు సవరించుకుంటాడు. ఆ మోత చెవిలో పెట్టుకుని నేను మైకు దగ్గరికి వెళతాను. వాద్యం నేను ముట్టుకోను. వదిన ఏ శ్రుతి ఇస్తే అదే నా శ్రుతి. మొదటి రిహార్సల్ రోజున కూడా అలాగే ఆవిడ మోగించింది. కీబోర్డాయన ఒక మీట నొక్కి చూసుకుని, చాలా మర్యాదగా, నా వైపు తిరిగి అన్నాడు.

"సార్, మీరు అసలు రికార్డు కన్నా నాలుగు మెట్లు కింద పాడుతున్నారు కదా. నేనూ నాలుగు దించి పెట్టుకున్నాను. మిగతా పాటలన్నిటికీ కూడా అంతేనా?"

"ఏ నాలుగు మెట్లు?" అన్నాను.

"అదే సార్, రికార్డులో..." అని ఆయన మిగతావాళ్ళ మొహాలు చూసి ఆగిపోయాడు.

అన్నయ్య వంగి పెడల్ కింద ఏదో వెతుక్కుంటున్నాడు. గుమాస్తా చుట్టిన వైరునే మళ్ళీ విప్పి చుడుతున్నాడు. వదిన ఒక్కర్తే నన్ను సూటిగా చూసింది.

"కాఫీ తాగొద్దాం పదండి," అంది.



నా రికార్డు నేను వినేవాణ్ణి కాదు. పాతది వింటే కొత్తది పాడవుతుందని ఎప్పుడో ఎవరితోనో గొప్పగా అన్నాను. ఆ మాట నాకే నచ్చి నియమం చేసుకున్నాను. రేడియోలో వస్తే టాక్సీవాడి చేత కట్టేయించేవాణ్ణి. నాలాంటి మూర్ఖుణ్ణి మోసం చెయ్యడానికి పెద్ద తెలివితేటలు అక్కర్లేదు.

వెనక వరండాలో ఆరేసిన దుప్పట్ల మధ్య వదినని నిలేశాను.

"ఎప్పట్నుంచి?"

"నీకు మొదటిసారి గొంతు పట్టేసి రెండు ప్రోగ్రాములు పోయాయి చూడు, అప్పుడు ఒక మెట్టు దించాను. నువ్వు హాయిగా పాడావు. తర్వాత ఇంకోటి. అలా అలా."

"నాకు చెప్పాలనిపించలేదా?"

"చెబితే పాడేవాడివా?"

"పాడేవాణ్ణి కాదు."

"మరింకేం?"

"అంటే ఎందుకోసం చేశావు వదినా? డబ్బు కోసం. అంతేగా?"

ఆవిడ ఒక దుప్పటి అంచు పట్టుకుని ఆరిందో లేదో చూసింది. "అవును. డబ్బు కోసమే," అంది. అని వెళ్ళిపోయింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక్కసారి కాదంటుందని, కన్నీళ్ళు పెట్టుకుంటుందని, నీ మీద ప్రేమతో చేశానంటుందని అనుకున్నాను. అలా అంటే క్షమించడానికి తయారుగా కూడా ఉన్నాను. అంత తేలిగ్గా ఒప్పేసుకుంటే ఇక ఎవరి మీద అరవాలి?

ఆ శనివారం నాలుగు మెట్లు కిందే పాడాను. నోట్లో ఎవరో నమిలి ఇచ్చిన ముద్ద పెట్టుకున్నట్టుంది. "మంట" దగ్గర గొంతు లేచింది, జనం లేచారు, ఈలలు వేశారు. ఒక పెద్దమనిషి స్టేజి దగ్గరికి వచ్చి, "అచ్చం రికార్డులాగే ఉందండీ," అన్నాడు. ఆయన్ని చెంపదెబ్బ కొట్టాలనిపించింది. అంతకంటే దిగులేసింది. ఇన్నేళ్ళూ ఏ చెవుల కోసం పాడానో ఆ చెవులకి తేడా తెలియదన్నమాట.

మర్నాడు పొద్దున సరస్సు ఒడ్డున పాత పడవలు పడేసే షెడ్డులోకి వెళ్ళి ఫోనులో నా రికార్డు పెట్టుకున్నాను. ఎన్నో ఏళ్ళ తర్వాత విన్నాను. ఎవడో కుర్రాడు, బాధ్యత లేనివాడు, కిటికీ ఎక్కి దూకినట్టు ఆ స్వరం మీదికి దూకాడు. వాడికి కష్టమే లేదు. వాడితో కలిసి నేనూ పాడబోయాను. "మేడ మీద" దాకా ఇద్దరం పక్కపక్కనే వెళ్ళాం. అక్కణ్ణుంచి వాడొక్కడే వెళ్ళాడు.

రోజూ వెళ్ళేవాణ్ణి. వేణ్ణీళ్ళు, తేనె, మిరియాలు, ఆవిరి, ప్రతి వైద్యమూ చేసుకున్నాను. రోజూ అక్కడే చీలిపోయేది. గొంతులో ఇనప రుచి తగిలేది. ఊళ్ళో డాక్టరు అద్దం పెట్టి చూసి, లోపల చిన్న బుడిపె ఉందనీ, కిందిస్థాయిలో పాడుకుంటే ఏం కాదనీ, పైకి లాగితే అది చిట్లి మాట కూడా ఉండకపోవచ్చనీ చెప్పాడు. నేను ఆ మాట ఎవరికీ చెప్పలేదు. అసలు స్కేల్లో ఒక్కసారి పాడకపోతే నేను ఉన్నా లేనట్టే అనిపించింది. అన్నం సయించలేదు. అద్దంలో చూసుకుంటే అబద్ధాలకోరు మొహం కనబడేది.

సీజను సగంలో ఒక శనివారం ముగ్గురినీ గదిలో కూర్చోబెట్టి చెప్పాను. "ఇవాళ రికార్డు స్కేల్లో వాయించండి. లేదంటే నేను స్టేజి ఎక్కను."

"ఒరేయ్, వయసుకి తగ్గ మాట మాట్లాడరా," అన్నాడు అన్నయ్య.

"గొంతు పోతే?" అంది వదిన.

"పోనీ. నాది కాని గొంతు ఉంటే ఎంత, ఊడితే ఎంత?"

గుమాస్తా పెట్టె తెరిచి, ఎప్పుడు కొని దాచాడో, సన్న తీగల పొట్లం ఒకటి తీశాడు. గిటారుకున్న లావు తీగలు విప్పేసి అవి ఎక్కించాడు. ఎందుకు మారుస్తున్నాడో నాకప్పుడు తెలియదు, అడగలేదు.

ఆ సాయంత్రం పాట మొదలైన క్షణంలోనే నాకు తెలిసిపోయింది. వదిన బేస్ ఉరుములా ఉంది, ఇన్నాళ్ళూ వదులు తీగల్లో నలిగిన మోత ఒక్కసారి నిటారుగా నిలబడింది. గుమాస్తా వేళ్ళు పరిగెత్తుతున్నాయి. అన్నయ్య పళ్ళు కనబడేలా నవ్వుతున్నాడు. ఇది మా బ్యాండు. నేను మరిచిపోయిన మా బ్యాండు. సంతోషం పట్టలేక ముందుకు వెళ్ళాను.

"మేడ మీద" అన్నాను. "మం" అన్నాను.

లోపల ఏదో గుడ్డ చిరిగినట్టయింది. గాలి వచ్చింది, మాట రాలేదు. గుమాస్తా ఒక్క క్షణం కూడా ఆలస్యం చెయ్యకుండా నా స్వరాన్ని గిటారు మీద అందుకుని వాయించేశాడు. ముందే సాధన చేసి పెట్టుకున్నట్టు, ఎక్కడా తడబడకుండా. జనం అది కొత్త ఏర్పాటనుకుని చప్పట్లు కొట్టారు. నేను చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకి నడిచాను. రుమాలు ఎర్రగా అయింది.

డాక్టరు చీవాట్లు పెట్టి, కొన్ని వారాలు పెదవి విప్పవద్దన్నాడు. పాటే కాదు, మాట కూడా. వదిన నా మంచం పక్కన నీళ్ళ సీసా పెట్టేది, ఏమీ అడిగేది కాదు. నేను కూడా ఏమీ చెప్పలేని స్థితిలో ఉన్నందుకు బతికిపోయాను.

శనివారాలు కీబోర్డాయనే సర్దుకుని ఏవో మెత్తటి పాటలు పాడేవాడు. మా పాట మాత్రం పాడేవాడు కాదు. మధ్యాహ్నాలు వాళ్ళు ఖాళీ హాల్లో వాయించుకుంటుంటే నేను ఉతికే షెడ్డు గోడకి ఆనుకుని వినేవాణ్ణి. తీగలు దించలేదు. అసలు స్కేల్లోనే, నేను లేకుండా, ఎంత బాగా వాయించేవాళ్ళో చెప్పలేను. ఒకసారి గుమాస్తా ఏదో తప్పు వేసి పకపకా నవ్వాడు. వదిన కూడా నవ్వింది. ఆవిడ నవ్వు విని ఎన్నాళ్ళయిందో. ఆ గోడ పక్కన నిలబడి, నేను చచ్చిపోయి వీళ్ళని చూస్తున్నానేమో అనిపించింది. నేను లేకపోతే వీళ్ళు బాగుంటారు. ఆ మాట రోజంతా తలలో తిరిగేది. సరస్సు వైపు నడిచి వెళ్ళి, చాలాసేపు నిలబడి, ఏమీ చేతకాక వెనక్కి వచ్చిన రోజులున్నాయి.

అలాంటి ఒక రోజు అన్నయ్య నన్ను వెతుక్కుంటూ ఒడ్డుకి వచ్చాడు. పక్కన కూర్చుని బూట్లు విప్పి నీళ్ళలో కాళ్ళు పెట్టాడు.

"డబ్బు కోసం అందని వదిన మీద కోపంగా ఉన్నావా?"

తలూపాను.

"కళ కోసం అంటే నువ్వు వాదిస్తావు. నీ కోసం అంటే ఇల్లు వదిలి పోతావు. డబ్బు కోసం అంటే తిట్టుకుని ఊరుకుంటావు. అందుకని అలా అంది. డబ్బు కూడా నిజమేలే. తినాలి కదా." కాసేపు నీళ్ళు కదిపాడు. "స్కేలు దించితే తీగ వదులవుతుంది, మోగదు. మోగాలంటే లావు తీగ వెయ్యాలి. ఆ లావు తీగలు నొక్కీ నొక్కీ గుమాస్తాగాడికి వేలి కణుపులు ఎలా ఉబ్బాయో ఎప్పుడైనా చూశావా? పొద్దున్నే వేణ్ణీళ్ళలో పెడితేగానీ పిడికిలి పట్టలేడు. కరెంటు బిల్లు కోసం అంటావు నువ్వు వాణ్ణి."



సీజను చివరి శనివారం పొద్దున మేనేజరు మా గదికి వచ్చాడు. హాలు నిండిపోయిందనీ, అందరూ 'మేడ మీద మంట' కోసమే వస్తున్నారనీ చెప్పి, కుర్చీ అంచున కూర్చున్నాడు. "సార్‌ని ఇబ్బంది పెట్టం. రికార్డు వేస్తాం. ఆయన పెదాలు కదిపితే చాలు. మీరు వాయిస్తున్నట్టు ఉంటే చాలు. వచ్చే ఏడు కూడా మీకే ఇద్దామనుకుంటున్నాం. కాదంటే వేరేవాళ్ళని చూసుకోవాలి."

దీనికంటే నీచం లేదు, దీనికంటే సులువూ లేదు. రికార్డు అసలు స్కేల్లో ఉంటుంది. వాళ్ళు సన్న తీగలతోనే హాయిగా ఉండొచ్చు. ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. ఒప్పుకోవడానికి తలెత్తేలోగా గుమాస్తా గొంతు వినబడింది.

"రికార్డు కావాలంటే డబ్బు రికార్డుకే ఇచ్చుకోండి. మధ్యలో మేమెందుకు?"

మేనేజరుకి అర్థం కాలేదు. నాకు చెవులు సరిగా పనిచేస్తున్నాయా అనిపించింది. మేనేజరు వదిన వైపు చూశాడు. ఆవిడ గిటారు తుడుచుకుంటోంది. సాయంత్రం మనిషి పాడితే ప్రోగ్రాం, లేకపోతే లేదని చెప్పి ఆయన లేచి వెళ్ళాడు.

పక్కన యంత్రాలు దుప్పట్లని తిప్పుతున్నాయి. వదిన బేస్ ఒళ్ళో పెట్టుకుని తీగలు బిగించే మరల మీద చెయ్యి వేసింది. ఇన్నేళ్ళలో మొదటిసారి, అందరూ వింటుండగా, నన్ను అడిగింది.

"ఎంతలో పెట్టను?"

ఆ ప్రశ్న ఎంత కిందికి దిగి అడిగిందో, ఎంత మర్యాదగా అడిగిందో నేను చెప్పలేను. అసలు స్కేలు అంటే రాదు. పాడనంటే నలుగురం ఇంటికి వెళ్ళాలి, ఇక మమ్మల్ని పిలిచేవాళ్ళు ఉండరు. దించమంటే ఆ గోడవతల నేను విన్న వాద్యాన్ని నా చేత్తో నేనే పాతిపెట్టాలి. ముగ్గురూ నా మొహం వైపు చూడకుండా ఆగారు.

"నాలుగు చాలదు," అన్నాను. కొన్ని వారాల తర్వాత వచ్చిన గొంతు, ఎవరిదో బొంగురు గొంతు. "ఐదు దించు వదినా."

"ఐదా?"

"ఐదు."

ఆవిడ మర తిప్పడం మొదలుపెట్టింది. తీగ కిందికి, ఇంకా కిందికి మూలుగుతూ దిగింది. ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు, చేతులు ఖాళీగా లేవు. అన్నయ్య బయటికి వెళ్ళి కీబోర్డాయనకి ఐదు అని చెప్పాడు.

గుమాస్తా గోడ వైపు తిరిగి కూర్చుని సన్న తీగలు ఒక్కొక్కటే విప్పి, చుట్టి, పొట్లంలో పెట్టాడు. లావు తీగలు తీశాడు. మొదటి తీగ మరలో దూర్చడానికి రెండుసార్లు ప్రయత్నించాడు, వేళ్ళు వంగలేదు. నేను వెళ్ళి ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఇన్నేళ్ళు పక్కనే నిలబడి పాడి, ఆ చేతులు అంత దగ్గరగా చూడటం అదే మొదలు. కణుపులు అల్లం కొమ్ముల్లా ఉన్నాయి.

"ఇలా తే, నేను బిగిస్తాను," అన్నాను.

"నీకు రాదు."

"చెప్పు, నేర్చుకుంటాను."

వాడు గిటారు మెడ నా వైపు తిప్పాడు. నేను మర తిప్పుతుంటే వాడు తీగని చివర అదిమి పట్టుకున్నాడు. నాకు కళ్ళు కనిపించడం లేదు.

"నొప్పిగా ఉంటుందా?" అని అడిగాను.



"ముందు నీ వైపు సరిగ్గా పట్టుకో," అన్నాడు. "జారిపోతోంది."